కొండగాలి చల్లన, ఎండ కాదు

వేసవిలో పిల్లలతో, పెద్దలతో హార్స్‌లీ కొండలకు ఒక్కరోజు విహారం వెళ్లడం మంచిదే. అయితే ఆ చల్లదనాన్ని పూర్తిగా నమ్మరాదని నా అభిప్రాయం. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అతినీలలోహిత కిరణాల తీవ్రత మాత్రం సుమారు 10 శాతం పెరుగుతుంది. పైగా వృద్ధులకు దాహం త్వరగా తెలియదు. అడగకపోయినా కొద్దికొద్దిగా నీరో, మజ్జిగో ఇస్తూ ఉండండి. మలుపుల దారిలో వాంతులయ్యే పిల్లలకు బయలుదేరే ముందు నూనె వంటకాలు పెట్టకండి. ఫోను ఇవ్వక, దూరపు కొండలను చూడమనండి. పెద్దల బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉంచండి. అన్నీ చూసి రావాలన్న ఆరాటంతో అలసట మూటగట్టుకోవడం విహారం కాదు. రెండు చోట్లు చూసి, చెట్టునీడన కలిసి భోంచేసి, పొద్దుండగానే కొండ దిగండి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగే ఆనాటి ప్రయాణానికి కొలత కావాలి.