సర్వే కాకముందే సౌదా ఖాయం చేయకండి

రెండు నెలల కింద ఒక జుమ్మా రోజు మగ్రిబ్ చదువుకుని వచ్చి ఫోన్ తీస్తే, మా భాంజా పంపిన ఫొటోలు పదిహేడు ఉన్నాయి. అన్నీ ఒకే బోటువి. ఎర్ర రంగు, పచ్చ అంచు, కిటికీలకి ఇత్తడి చట్రాలు, లోపల చిన్న కట్టెల పొయ్యి. నీటికి పైన కనిపించే ఇనుమంతా కొత్తగా నల్లరంగు కొట్టి తళతళలాడుతోంది. చివర్న ఒక వాయిస్ మెసేజ్: "మామూ, కైసా హై? జబాన్ ఇచ్చేశాను. సోమవారం పైసలు పంపిస్తా. దువా చేయండి."

ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "హల్ సర్వే చేయించావా బేటా?"

"నక్కో మామూ. ఆయన మంచి ఆద్మీ. ముసలాయన. కూచోబెట్టి చాయ్ ఇచ్చాడు. ఇప్పుడు సర్వే అంటే ఆయన మీద శక్ పడ్డట్టు ఉంటది కదా?"

నాకు నవ్వు, భయం రెండూ వచ్చాయి. ఆరేళ్ల కింద అచ్చం ఇదే మాట నేను మా బేగంతో అన్నాను. అందుకే ఈ పోస్టు.

చీరాలలో, గుంటూరులో కూచుని చదువుతున్న మీకు ముందు ఈ బోటంటే ఏంటో చెప్పాలి. ఇంగ్లాండ్‌లో నేరోబోటు అంటారు. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, అంతే. పొడవు మాత్రం 30 అడుగుల నుంచి 70 దాకా ఉంటుంది. రెండు వందల ఏళ్లకు పైబడిన కాలువలు ఇక్కడివి, బొగ్గు, కుండలు మోయడానికి తవ్వినవి. చాలా చోట్ల లాకుల వెడల్పు 7 అడుగులే, అందుకే బోట్లు అంత సన్నం. మా నానా చిన్నప్పుడు పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో సరుకు పడవలు చూశానని చెప్పేవారు. అవి చెక్క పడవలు. చెక్క కుళ్లితే గోరుతో గుచ్చినా తెలుస్తుంది. ఈ బోట్లు ఉక్కువి, పైగా తారు లాంటి నల్ల పూత కింద దాక్కుని ఉంటాయి.

మన పిల్లలు వీటి వైపు ఎందుకు చూస్తున్నారంటే, బర్మింగ్‌హామ్‌లో జీతంలో పెద్ద ముక్క కిరాయికే పోతుంది. ఇల్లు కొనాలంటే మార్ట్‌గేజ్, అంటే సూద్. అది వద్దనుకునే పిల్లలకి ముప్పై, నలభై వేల పౌండ్లలో నఖద్ ఇచ్చి సొంతం చేసుకునే కప్పు ఇదొక్కటే కనిపిస్తోంది. దీన్లో కూడా తిప్పలున్నాయి. లంగరు వేసుకునే జాగా కిరాయి, లైసెన్స్, ఇన్సూరెన్స్, సొంత జాగా లేకపోతే 14 రోజులకోసారి బోటు కదుపుతూ ఉండాలి. డ్యూటీ చేసేవాడికి అదేం చిన్న పని కాదు. అదంతా ఇంకోసారి రాస్తా.

ఆరేళ్ల కింద నా కథ ఇది. 45 అడుగుల బోటు, 30 ఏళ్లు దాటింది. అమ్మినాయన మర్యాదస్తుడు. బోటు నీళ్లలోంచి పైకి తీయించడానికి, సర్వేయర్‌కి కలిపి 700 పౌండ్లు దాకా అవుతాయన్నారు. ఆ 700తో లోపల ఫర్నిచర్ వస్తుంది కదా అనుకున్నాను. పధ్నాలుగు నెలలు హాయిగా ఉన్నాం. తర్వాత నల్ల పూత మళ్లీ కొట్టించాలని డ్రై డాక్‌లో పెట్టించాను. నీళ్లన్నీ తోడేసి, ప్రెషర్ వాషర్‌తో నాచు కడిగేశాక, అక్కడి పనివాడు సుత్తితో పక్కలంతా కొట్టుకుంటూ పోయాడు. మట్టికుండ కొనేటప్పుడు మా అమ్మీ వేలి కణుపుతో కొట్టి వినేది, గుర్తొచ్చింది. ఠంగ్, ఠంగ్ అంటున్న శబ్దం ఒకచోట థప్ అంది. వాడు నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మీటర్ పెట్టి కొలిస్తే నీటి గీత దగ్గర 2.8 మిల్లీమీటర్లు. తయారైనప్పుడు 6 ఉన్న ఉక్కు అది. ఇక్కడ ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగా 4 కంటే తగ్గితే ఒప్పుకోరు. పాత ఉక్కు మీద కొత్త పలకలు వెల్డింగ్ చేయించాలన్నారు, ఓవర్‌ప్లేటింగ్ అంటారు దాన్ని. బిల్లు తొమ్మిది వేల పౌండ్లకి దగ్గరగా వచ్చింది. బేగం గాజులు పోయాయి, తమ్ముడి దగ్గర చేసిన కర్జ్ తీరడానికి రెండు రంజాన్లు పట్టింది. 700 ఆదా చేశానని అప్పట్లో దోస్తులకి గొప్పగా చెప్పుకున్నాను మరి.

అమ్మినాయన నన్ను ధోకా చేశాడా? చాలా రోజులు అలాగే అనుకుని మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. నీళ్ల కింద ఏముందో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? బోటు రెండు మూడేళ్లకోసారి పైకి తీస్తారు, రంగు కొట్టి దింపేస్తారు. ఆ మధ్యలో ఉక్కు తినుకుపోతూ ఉంటుంది. ఆయన ఈమాందారీగా "బోటు బాగుంది" అన్నాడు, ఈమాందారీగానే తప్పు చెప్పాడు. మనవాళ్లకి ఎక్కనిది ఇదే. సర్వే అడగడం బద్‌గుమానీ అనుకుంటారు. మనిషి మీద హుస్నె-జన్ పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? ఉక్కుకి నియ్యత్ ఉండదు. మన ఊళ్లో సొంత చచ్చా దగ్గర ప్లాట్ కొన్నా ఈసీ తీయించే వాళ్లం, ఇక్కడికొచ్చేసరికి చాయ్ ఇచ్చాడని కళ్లు మూసుకుంటామా?

ఉక్కు ఎలా పోతుందో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది తెలిస్తే సర్వే విలువ తెలుస్తుంది. తుప్పు అంతటా ఒకేలా పట్టదు. పైపైన పలకంతా సన్నబడటం ఒక రకం, అది నిదానం. అసలు ప్రమాదం గుంటలు. మశూచి మచ్చల్లా అక్కడక్కడ లోతుగా తొలిచేస్తాయి. చుట్టూ 5 మిల్లీమీటర్లు భేషుగ్గా ఉంటుంది, మధ్యలో ఒక గుంట 2 మిల్లీమీటర్లు లోపలికి పోయి ఉంటుంది. గాలీ నీళ్లూ కలిసే గీత దగ్గర ఎక్కువ. అడుగు పలకకి చాలామంది రంగే వేయించరు.

ఇంకొకటి కరెంటు. మెరీనాలో బోట్లన్నీ గట్టు మీది కరెంటుకి ప్లగ్ పెట్టుకుంటాయి. ఆ తీగలోని ఎర్త్ వల్ల పక్క పక్క బోట్ల ఉక్కంతా ఒకదానికొకటి కలిసిపోతుంది. మధ్యలో నీళ్లు. ఇక అది పెద్ద బ్యాటరీ అయిపోతుంది, అందులో బలహీనమైన లోహం కరుగుతుంది. దీన్ని ఆపడానికి గాల్వానిక్ ఐసొలేటర్ అని చిన్న పెట్టె ఉంటుంది. అది లేకుండా ఏళ్ల తరబడి ప్లగ్‌లో ఉన్న బోటు చూస్తే నాకు గుండె గుభేలంటుంది. బోటు పక్కలకి మెగ్నీషియం ముక్కలు కూడా వెల్డ్ చేసి ఉంచుతారు, ఉక్కు బదులు అవి కరగాలని. ఇంగ్లీషు వాళ్లు వాటికి పెట్టిన పేరులోనే ఖుర్బానీ అన్న మాట ఉంది. అయితే అవి తమ దగ్గరి ఉక్కునే కాపాడతాయి, యాభై అడుగుల బోటంతటినీ కాదు. అవి పూర్తిగా కరిగిపోయి ఏళ్లయినా పట్టించుకోని ఓనర్లున్నారు.

మా భాంజా దగ్గర రెండు కాగితాలున్నాయి. "సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది మామూ, ఇంకా మూడేళ్లు చెల్లుతుంది" అన్నాడు. దీంతోనే ఎక్కువమంది పడిపోతున్నారు. నాలుగేళ్లకోసారి తీసుకునే ఆ బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ గ్యాస్, డీజిల్, కరెంటు, మంటల సంగతి చూస్తుంది. ఉక్కు మందం ఎంతో అది చూడదు. బోటుని నీళ్లలోంచి తీయకుండానే ఇస్తారు. రెండో కాగితం ఏడేళ్ల కిందటి సర్వే, అమ్మే ఆయన తను కొనేటప్పుడు చేయించుకున్నది. ఏడేళ్లలో గుంట ఎంత లోతు పోతుందో ఒక పక్కన పెట్టండి, ఆ రిపోర్టు ఆయన పేరు మీద ఉంది. అందులో తప్పు ఉంటే సర్వేయర్‌ని నువ్వు అడగలేవు. నీ పేరు మీద, నువ్వు ఫీజు కట్టిన సర్వేయరే కావాలి. అమ్మే మనిషి "నాకు తెలిసిన సర్వేయర్ ఉన్నాడు" అంటే షుక్రియా చెప్పి వేరేవాళ్లని చూసుకోండి. వైడీఎస్ఏ, ఐఐఎంఎస్ అని సర్వేయర్ల సంఘాలున్నాయి. ఆ మెంబరేనా, తన పొరపాటుకి ఇన్సూరెన్స్ ఉందా అని అడగడంలో షరమ్ ఏమీ లేదు.

ప్రైవేటు మనిషి దగ్గర కొంటే ఇక్కడి కానూన్ కూడా మీకు పెద్దగా తోడు రాదు. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం వ్యాపారి దగ్గర కొన్న సరుక్కి. బ్రోకర్ ఆఫీసులో కూచుని కొన్నా, ఎక్కువసార్లు అసలు అమ్మేది ఆ ముసలాయనే, బ్రోకర్ మధ్య మనిషి. మన ఫిఖ్‌లో ఖియారె ఐబ్ అని ఉంది, సరుకులో దాగిన ఐబ్ బయటపడితే వాపసు ఇచ్చే హక్కు. ఫత్వాలు ఇవ్వడానికి నేను ఆలిమ్‌ని కాదు. కానీ ఆ హక్కు పట్టుకుని ఇంగ్లాండ్ కోర్టులో నిలబడలేమన్నది మాత్రం ఎరుగుదును.

అయినా భాంజా గునిశాడు. "ఎనిమిది వందల పౌండ్లు మామూ! బోటు ఫెయిలయితే ఆ పైసలు పోయినట్టేగా?"

ఈ మాటలో నిజం ఉంది. పోతాయి. రెండు బోట్లు ఫెయిలయితే రెండుసార్లు పోతాయి. ఇంకా నిజం చెప్పాలంటే సర్వేయర్ కూడా అంతా చూడలేడు. పక్కల మీద, అడుగు మీద వరసగా కొన్ని చోట్ల రంగు గీకి అల్ట్రాసౌండ్ మీటర్ పెడతాడు. కొలతకీ కొలతకీ మధ్య గుంట దాక్కుని ఉండొచ్చు. లోపల నేల చెక్కల కింద, బరువుకి పేర్చిన రాళ్ల కింద నీళ్లు నిలిచి లోపలి నుంచి తినేస్తుంటే అది పూర్తిగా దొరకకపోవచ్చు. ఇవన్నీ ఒప్పుకున్నాకే నేను పట్టుబట్టాను. వాడి చేతిలో ఉన్న 34 వేల పౌండ్లలో సగమే వాడివి. మిగతాది కర్జె హసన్. మా ఆపా పోగేసుకున్న హజ్ పైసలున్నాయి అందులో, ఖాలా అమ్మిన జేవర్ ఉంది. నీ పైసలతో నువ్వు జూదం ఆడుకో, నేను అడ్డం రాను, అమానత్‌తో ఆడతానంటే ఊరుకోను అన్నాను. ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "హౌ మామూ" అన్నాడు.

ఆ ముసలాయనకి నేనే మాట్లాడాను. ఆయనకేం కోపం రాలేదు. సర్వేకి లోబడి బేరం అని రాసుకోవడం ఇక్కడ రివాజేనట, మేం అడగకపోవడమే ఆయనకి వింతగా అనిపించిందట. శక్, ఇజ్జత్ అని మా వాడు పడ్డ బాధంతా వాడి తలలోనే ఉంది.

సర్వే రోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మీరు కూడా తప్పకుండా వెళ్లండి. రిపోర్టులో రాయని మాటలు అక్కడ వినపడతాయి. స్టాఫర్డ్‌షైర్‌లో ఒక యార్డు. క్రేన్ బోటుని ఎత్తుతుంటే అడుగు నుంచి నల్లనీళ్లు కారుతున్నాయి. సర్వేయర్ ఒక అమ్మాయి, ముప్పై ఐదేళ్లుంటాయి. మూడు గంటలు ఆ బోటు కింద పాకింది. 1989 నాటి బోటు, అడుగు 6, పక్కలు 5. అడుగు బాగానే ఉంది, 5.4 దాకా వచ్చింది. పక్కలు కూడా 4.6, 4.8. మా భాంజా ముఖం వెలిగింది. వెనక భాగం ఎడమ పక్కన రంగు గీకాక సుద్దతో గుండ్రంగా గీతలు గీయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పదకొండు. అన్నింటికంటే లోతైన గుంట దగ్గర మిగిలింది 3.1. మెగ్నీషియం ముక్క ఉండాల్సిన చోట బోల్టు మొండెం ఒకటి ఉంది. ఐసొలేటర్ లేదు. ఆ పక్కే తొమ్మిదేళ్లు కరెంటు ప్లగ్‌లో ఉంది.

ముసలాయన వచ్చి ఆ సుద్ద గీతల్ని వేలితో తడిమాడు. "నా భార్య ఉన్నప్పుడు ఏటా సముద్రం దాకా తిరిగాం ఇందులో" అన్నాడు. ఆయన కూడా మొదటిసారి చూస్తున్నాడని ఆ ముఖమే చెప్పింది. వెనక భాగమంతా పలకలు వేయించాలి అని సర్వేయర్ రాసింది. ఆయన ధర నాలుగు వేలు తగ్గిస్తానన్నాడు. వెల్డర్ చెప్పిన అంచనా అయిదున్నర వేలు, అదీ విప్పి చూశాక పెరగొచ్చన్నాడు. మా వాడు రెండు రోజులు ఇస్తిఖారా చేసుకుని వద్దనుకున్నాడు. అడ్వాన్సు పూర్తిగా వాపసు వచ్చింది, సర్వే షరతు కాగితం మీద ఉంది కాబట్టి. ఎనిమిది వందలు పోయాయి. ఆపా ఫోన్లో ఆ ఎనిమిది వందల్ని రూపాయల్లోకి మార్చి కాసేపు బాధపడింది, పడనీయండి.

పాత ఫొటోలు వాడు ఫోన్లోంచి ఇంకా తీసెయ్యలేదు. ఇప్పుడు ఇంకో బోటు చూశాడు, 2004ది, అడుగు 10 మిల్లీమీటర్లు. ఈసారి ఫొటోల కంటే ముందు సర్వేయర్ నంబర్ పంపించాడు. వచ్చే గురువారం డాక్‌లోకి ఎక్కిస్తున్నారు, పొద్దున ఎనిమిదికి బయల్దేరుతున్నాం.