జీతం లేని పనికి ‘కావలెను’ ఎందుకు?

మా కార్ఖానా మెయిన్ రోడ్డులో కరెంటు స్తంభాలకి ‘మహిళలు కావలెను’ అన్న కాగితాలు అంటిస్తుంటారు. మా వీధిలో డిగ్రీ చదివిన ఒకమ్మాయి అలాంటిదే చూసి వెళ్లింది. సర్టిఫికెట్ల జిరాక్సులు, పోనూ రానూ ఆటో ఖర్చు. ఇంటర్వ్యూ అంతా అయ్యాక అన్నారట, “ఇది వాలంటరీ అమ్మా, జీతం ఉండదు, అనుభవం వస్తుంది” అని.

సేవ తప్పని నేననను. బస్తీ పిల్లలకి ఊరికే చదువు చెప్పేవాళ్లు ఎందరు లేరు! కానీ వాళ్లని ‘సేవకి రండి’ అనే పిలిచారు. ‘కావలెను’ అనగానే ఇంట్లో లెక్కలు మారిపోతాయి. చంటిదాన్ని ఎవరి దగ్గర వదలాలి, చేతిలో ఉన్న ట్యూషన్లు మానేయాలా అని. జీతం లేదన్న ముక్క మొదటి వరుసలోనే రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

ప్రైవేటువాళ్లని అని ఏం లాభం లెండి, సర్కారే దారి చూపించింది. 1975లో అంగన్‌వాడీలు మొదలైన నాటి నుంచి టీచరుకీ ఆయాకీ ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. 2005లో వచ్చిన ఆశా కార్యకర్తలూ కాగితం మీద వాలంటీర్లే. అర్ధరాత్రి కాన్పుకి తోడు వెళ్లినా దాని పేరు ‘ప్రోత్సాహకం’. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకి అవార్డిచ్చింది. సంతోషమే, అవార్డు చూపిస్తే కిరాణా కొట్టువాడు బియ్యం ఇవ్వడు కదా!

ఆంధ్రప్రదేశ్ వాలంటీర్ల సంగతి చూడండి. 2019లో నోటిఫికేషన్, దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, అన్నీ ఉద్యోగానికి మల్లేనే. నెలకి 5,000 రూపాయలు. 2021లో పెంచమని అడిగితే ఇది ఉద్యోగం కాదు, సేవ అన్నారు. 2024 ఎన్నికల ముందు 10,000 చేస్తామని మరొకరన్నారు. ప్రభుత్వం మారాక పింఛన్లు సచివాలయ సిబ్బందే పంచారు, వాలంటీర్లు ఇంట్లో కూర్చున్నారు. ఉద్యోగమే అయితే తీసేయడానికి ఒక నోటీసైనా ఇవ్వాల్సి వచ్చేది.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకి, ఆయాలకి 1972 నాటి చట్టం కింద గ్రాట్యుటీ ఇవ్వాలంది. గౌరవ వేతనం అని పిలిచినా అది పనికిచ్చే వేతనమేనంది. ఆ మాట అనిపించుకోవడానికి 47 ఏళ్లు పట్టింది.

కాగితం మీద ఫోన్ నంబరు ఉంటే బయల్దేరకముందే అడగండి: జీతమెంత, ఏ తేదీకి ఇస్తారు, రాసిస్తారా అని. “వచ్చాక మాట్లాడదాం” అంటే ఆటో డబ్బులు మిగుల్చుకోండి.