సాయిబు యెవరికి పరాయి?

ముస్లిమేతరులు రాసే చాలా తెలుగు కథల్లో సాయిబుకు రెండే వేషాలు: రజాకారు, లేదా త్యాగమూర్తి. వొకడు హిందువును చంపుతాడు, రెండోవాడు హిందువు కోసం చస్తాడు. ఇద్దరూ వచ్చీరాని తెలుగే మాట్లాడతారు. కౌలు, అప్పు, పిల్ల పెళ్ళి ఆ యిద్దరికీ వుండవు. మంచి సాయిబును సృష్టించామని మురిసే కథకులను అడుగుతున్నాను: మంచితనం రుజువు చేసుకోవలసిన అగత్యం వొక్క సాయిబుకే యెందుకు?

మా వీరులపాడుకు పాత నైజాం సరిహద్దు చేరువే. రజాకార్ల దౌర్జన్యం యిక్కడివారు యెరగనిది కాదు. కాని 1948లో పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హత్య చేసింది ఆ రజాకార్లే. 1940లో, భూమికోసం నిలబడిన బందగీని చంపించిన విసునూరు దేశ్‌ముఖు హిందువు. ఆ బందగీ పోరాటాన్నే మా పాత కృష్ణా జిల్లాకు చెందిన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో "మాభూమి" నాటకంగా మలిచారు. వర్గదృష్టి వున్నచోట సాయిబు పరాయివాడు కాలేదు.

ఆ వారసత్వాన్ని మనం యేం చేశాం? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" కావ్యం, 2004లో స్కైబాబ "వతన్" కథాసంకలనం తెచ్చారు. ముస్లింలు తమ బతుకును తామే చెప్పుకోవలసి వచ్చింది. ఇది వర్గ ఐక్యతను చీలుస్తుందని మన మిత్రులు కొందరి ఆక్షేపణ. చీల్చినదెవరు? పేరు అడిగి యిల్లు అద్దెకివ్వనివాడా, ఆ సంగతి కథగా రాసినవాడా? రైతుగా పోరాడటానికి బందగీ ముసల్మానుతనాన్ని వొదులుకోలేదు.

మిత్రులారా, యికమీదట కథలో సాయిబు కనిపిస్తే అతని కమతమెంత, కూలి యెంత, యింట్లో యే భాష మాట్లాడతారని అడగండి. జవాబు చెప్పలేని కథకు అభ్యుదయమనే పేరు పెట్టకండి.