అభ్యంతర పత్రము వచ్చినచో

చీర నేయుటకు ముందు ఆసు పోయుట యెంతటి శ్రమయో, మా తుర్కయంజాలునకు అంత దూరము కాని పోచంపల్లి ప్రాంతపు స్త్రీల నడిగిన తెలియును. ఒక్క చీరకు వేలకొలది మారులు చేయి చాచి నూలును మేకుల చుట్టు త్రిప్పవలయును. తన తల్లి లక్ష్మిగారి భుజముల నొప్పిని చూచి యోర్వలేక, శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు ఏండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి తల్లి పేరే పెట్టిరి. పేటెంటును పొందిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

ఇట్టి నేర్పు మన యిండ్లలో నెంతయో కలదు. కాని దరఖాస్తు పెట్టినవారు సైతము అభ్యంతర పత్రము రాగానే అధైర్యపడి యూరకుందురేమో యని మా భయము. ఆ పత్రము తిరస్కారము కాదు, ప్రశ్న మాత్రమే. పరీక్షకుడు పూర్వపు పేటెంట్లను, గ్రంథములను వెదకి, ఇది క్రొత్తది కాదనియో, ఈ విద్య తెలిసినవారి కెవరికైనను తోచునదే యనియో వ్రాయును. ఆరు నెలలలో ప్రత్యుత్తరమీయవలయును. కోరినచో గడువు మరి మూడు నెలలు పెరుగును. అప్పటికిని బదులు లేనిచో దరఖాస్తును విడిచిపెట్టినట్లే చట్టము భావించును. మౌనము అర్ధాంగీకారమని మనవారందురు. ఇచ్చట మౌనము పూర్తి త్యాగమే.

ప్రత్యుత్తరముతో సంశయము తీరనిచో కంట్రోలరు విచారణకు పిలుచును. దరఖాస్తుదారుల మాట వినక త్రోసివేయుటకు 1970వ సంవత్సరపు చట్టము ఒప్పదు. ఇంటనుండియే వీడియో ద్వారా మాటలాడవచ్చును. అమెరికాలో పరీక్షకునితోనే టెలిఫోనులో సంప్రతించు ఆచారము కలదు. ఆ సంభాషణ సారమును దస్త్రమున చేర్తురు. మనకును విచారణ ముగిసిన 15 దినములలో చెప్పదలచినదెల్ల వ్రాసి పంపవలయును. నోటిమాట గాలికి పోవును, వ్రాత నిలుచును.

ఒక్కటి మరువరాదు. కోరిన హక్కును తగ్గించుకొనవచ్చును గాని, మొదట వ్రాయనిదానిని తరువాత చేర్చరాదు. చీర కొంగు కత్తిరింపవచ్చును, నేయని గజమును తెచ్చి యతుకలేము గదా! కావున మొదటి వివరణమే సమగ్రముగా నుండవలయును.

పరీక్ష కొరకు వేరుగా అర్జీ పెట్టవలయును. 2019 నుండి స్త్రీలు సత్వర పరీక్షను గూడ కోరవచ్చును. రుసుము మాత్రము హెచ్చు.

అడుగనిదే అమ్మయైనను పెట్టదు. పని చేసిన చేతులకు తెలిసినంతగా ఆ పనిని గూర్చి ఏ యధికారికిని తెలియదు. అడిగినప్పుడు నిదానముగా, నిర్భయముగా చెప్పుడు.