బుస్సీ దొర జీతాల పద్దు

బొబ్బిలి కథను బుర్రకథగా విన్నవారికి, 1964లో ఎన్టీఆర్ నటించిన ‘బొబ్బిలి యుద్ధం’ చూసినవారికి బుస్సీ పేరు కొత్త కాదు. కోట మీదికి ఫిరంగులు తెచ్చిన ఫ్రెంచి దొర! ఆ కథ ఎక్కడో కళింగాంధ్రలోది, మన ఓరుగల్లుకేం సంబంధం అంటారా? ఉంది. అప్పట్లో ఓరుగల్లు నిజాం ఏలుబడిలో ఉండేది. ఆ నిజాం సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించింది బుస్సీయే.

1751లో ముజఫర్ జంగ్‌ను వెంటబెట్టుకుని పుదుచ్చేరి నుంచి హైదరాబాద్ బయల్దేరాడు బుస్సీ. కడప సీమలో ముజఫర్ హతుడయ్యాడు. ఇంకొకరైతే వెనుదిరిగేవారే. బుస్సీ మాత్రం అక్కడికక్కడే సలాబత్‌ను నిజాంగా నిలబెట్టి ముందుకు సాగాడు.

గద్దెకు కాపలా ఊరికే రాదుగా! సిపాయిలకు జీతాలు కావాలి. ఖజానా ఖాళీ. అందుకే 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను సైన్యం ఖర్చుల కింద రాయించుకున్నాడు. అలా సేనాని కాస్తా శిస్తు వసూలుదారయ్యాడు.

ఆ వసూళ్ల బాటే బొబ్బిలికి చేరింది. ఫ్రెంచివారికి అండగా ఉన్న విజయనగరం విజయరామరాజుకు బొబ్బిలితో పాత పగ. కోట వదిలితే వేరేచోట భూములిస్తామన్నా రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న కోట కూలింది. శత్రువుకు చిక్కకూడదని ఆడవాళ్లను, పిల్లలను ముందే కడతేర్చారు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే చంపాడు.

ఏం మిగిలింది? 1758లో లాలీ పిలుపుతో బుస్సీ దక్షిణాదికి వెళ్లిపోయాడు. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి ఇంగ్లిషువారిని పిలిచాడు. 1759లో మచిలీపట్నం వారి వశమైంది. 1760లో వందవాసి దగ్గర బుస్సీ వారికే బందీగా చిక్కాడు. 1783లో మళ్లీ వచ్చినా పాత వైభవం రాలేదు. 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు.

దొర పోయాడు, కిటుకు పోలేదు. సైన్యం ఖర్చుకు భూములు రాయించుకునే ఆ పద్ధతినే ఇంగ్లిషువారూ పట్టుకున్నారు. 1800లో నిజాం వారికి కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి సీమలను ధారపోసిందీ ఆ లెక్కలోనే. అవే దత్తమండలాలు.

కాపలాకు పరాయి సైన్యాన్ని పెట్టుకున్నవాడు చివరికి దేన్ని కాపాడుకోవాలనుకున్నాడో దాన్నే జీతంగా చెల్లించాడు. బుర్రకథలో లేని నీతి ఇది!