తొలి బంతి పెద్దలది



గత సంచికలోని ఓడ ప్రయాణాల వ్యాసం ఆసక్తిగా చదివాను. భోజనశాలలో కిటికీ పక్కన ఇద్దరు పట్టే బల్లే అడగమనీ, తొందర ఉండదు కనుక రెండో విడత ఎంచుకోమనీ రాశారు. ఆ రెండు మాటలూ నాకు సమ్మతం కావు.

2022 జూన్‌లో కార్డేలియా నౌక విశాఖకు వచ్చినప్పటి నుంచి మా వైపు వాళ్లకూ ఓడ మీద ఆశ పుట్టింది. పెద్ద ఓడల్లో రాత్రి భోజనం మామూలుగా సాయంత్రం ఆరు ప్రాంతంలో ఒక విడత, ఎనిమిది దాటాక ఇంకొకటి. షుగరు ఉన్నవారికి మొదటిదే మేలు. అది నాకు లాంచీలో అనుభవమైంది.

మేం పెనుబల్లి నుంచి పోచవరం వెళ్లి పాపికొండల లాంచీ ఎక్కాం. భోజనాలకు మూడు బంతులు. కుర్రవాళ్లు ముందే కూర్చున్నారు. వేళకు తింటాననుకుని ఇన్సులిన్ వేసుకున్న మా అత్తయ్య, మూడో బంతి కోసం చూస్తూ చూస్తూ చెమటలు పట్టి కూలబడిపోయింది. పక్కనున్న భద్రాచలం ఆవిడ, ముక్కూమొహం తెలియని మనిషి, తన సంచిలోని అరటిపండు ఒలిచి తినిపించింది. ఇద్దరి బల్ల దగ్గర ఆ చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? పదిమంది కూర్చునే బల్లే అడగండి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఒకటేనంటారు. లాంచీలో మనవాడెవరూ ఉండడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిన ఘోరం తర్వాత ఎక్కగానే లైఫ్ జాకెట్ అడుగుతున్నాం. బంతి సంగతి కూడా టికెట్ కొనేటప్పుడే అడగాలి. లాంచీల వాళ్లు తొలి బంతిని వృద్ధులకు, పసిపిల్లల తల్లులకు, మందులు వాడేవారికి కేటాయించాలని నా విన్నపం.

— ఒక పాఠకురాలు, పెనుబల్లి, ఖమ్మం జిల్లా