గోపురం కట్టేముందు కూర్చుని లెక్క వేద్దాం



ఈ మధ్య ప్రార్థన మనవుల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది: "అయ్యగారూ, కొత్తగా వ్యాపారం పెడుతున్నాం, ప్రార్థన చేయండి." మేడ్చల్ కంపెనీల్లో కాంట్రాక్టు పని ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని తమ్ముళ్లు అడుగుతున్నారు. శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి పక్కన టిఫిన్ సెంటర్ పెట్టాలనుకునే అక్కలు అడుగుతున్నారు. సంతోషంగా ప్రార్థన చేస్తాను. కాని ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను: "లెక్క వేశారా?" కొందరి ముఖం చిన్నబోతుంది. లెక్క అడగడమే అవిశ్వాసం అన్నట్టు చూస్తారు.

దేవుని బిడ్డలారా, లెక్క వేయడం అవిశ్వాసం కాదు. లూకా 14వ అధ్యాయంలో ప్రభువు, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని అడిగాడు. ఆ మాట శిష్యత్వం గురించి చెప్పిందే. అయినా ఆయన ఎత్తుకున్న ఉదాహరణ చూడండి. సగంలో ఆగిపోయిన గోడను చూసి ఊరు నవ్వుతుందని ఆయనకు తెలుసు.

అయితే ఒక ఉదాహరణతో మనమూ కూర్చుని లెక్క వేద్దాం. ఒక చిన్న టిఫిన్ సెంటర్ అనుకోండి. మడిగె కిరాయి 10,000, పనిమనిషి జీతం 12,000, కరెంటు 2,000, అప్పు వాయిదా 6,000. గిరాకీ ఉన్నా లేకున్నా నెలకు 30,000 కట్టాల్సిందే. ప్లేటు 40 రూపాయలకు అమ్మితే బియ్యం, మినపప్పు, నూనె, గ్యాసుకు 24 పోయి 16 మిగులుతుంది. నెలలో 25 రోజులు తెరిస్తే, రోజుకు 75 ప్లేట్లు అమ్మితేనే షాపు ఖర్చు వెళ్తుంది. అప్పటికి ఇంటికి ఒక్క రూపాయి రాలేదు. ఇంటికి నెలకు 16,000 కావాలంటే రోజుకు 115 ప్లేట్లు అమ్మాలి.

ఇప్పుడు చెడ్డ నెల లెక్క. వానలు పట్టాయి, పక్కన కంపెనీలో షిఫ్టులు తగ్గాయి, రోజుకు 70 ప్లేట్లే పోయాయి. షాపులో 2,000 తక్కువ, ఇంటికి 16,000 తక్కువ, కలిపి 18,000. అలాంటివి వరుసగా మూడు నెలలు వస్తే 54,000. ఆ డబ్బు బ్యాంకులో పక్కన పెట్టాకే షాపు తెరవండి అంటాను. అది లేకుండా తెరిస్తే నాలుగో నెలలో మిత్తికి తెచ్చిన డబ్బుతో బియ్యం కొంటారు. అక్కడి నుంచి వ్యాపారం మీది కాదు, అప్పిచ్చినవాడిది.

చెడ్డ నెలలు రావని ఎవరూ చెప్పలేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన మేడ్చల్ హైవే మీద వలస కూలీలు పిల్లలను ఎత్తుకుని నడిచి వెళ్లడం మనమందరం చూశాం. యోసేపు ఐగుప్తులో సమృద్ధి గల ఏడేళ్లలోనే అయిదో వంతు పక్కన పెట్టించాడు. కరువు రాబోతోందని దేవుడే బయలుపరచాడు. అయినా ధాన్యం కొలిచి కొట్లలో పోయించింది మనుషులే.

ఇంత విని "అయితే ఏమీ పెట్టకుండా ఊరుకోవడమే మంచిది" అనుకోవద్దు. గాలినే చూస్తూ కూర్చున్నవాడు విత్తనం వేయడని ప్రసంగి గ్రంథం హెచ్చరిస్తుంది. భయానికి జాగ్రత్త అని పేరు పెట్టుకోవడమూ తప్పే.

మన మేడ్చల్‌లోనే ఒక సాక్ష్యం ఉంది. వరప్రసాద్ రెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. హెపటైటిస్-బి టీకా అప్పట్లో విదేశాల నుంచి రావాలి, పేదవాడు కొనలేని ధర. తనది కాని రంగంలోకి దిగి 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ ప్రారంభించారు. మన దేశంలో తయారైన టీకా 1997లో బయటికి వచ్చింది, ధర దిగివచ్చింది. మధ్యలో నాలుగేళ్లు అమ్ముకోవడానికి టీకా లేదు, ఖర్చు మాత్రం ఉంది. ఆ కాలాన్ని ఎలా దాటారు? ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ ఆ కంపెనీలో వాటాదారుగా పెట్టుబడి పెట్టారు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఉంది. వాటాదారు లాభంలోనూ నష్టంలోనూ పాలు పంచుకుంటాడు. వాయిదాల అప్పు ఇచ్చినవాడు నష్టం వచ్చిన నెలలోనూ తలుపు తడతాడు. ఫలితం రావడానికి ఏళ్లు పట్టే పనికి వారం వారం కట్టే అప్పు తేకండి.

విజయం తర్వాత కూడా కష్టం వచ్చింది. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ ఆ కంపెనీని తీసుకుంది. 2010లో నాణ్యత సమస్య వల్ల వారి అయిదు రోగాల టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోదిత జాబితా నుంచి తీసేసింది. మళ్లీ 2014లో గాని ఆమోదం రాలేదు. వెనుక పెద్ద కంపెనీ ఉంది గనుక తట్టుకున్నారు. మనకు అలాంటి అండ ఉండదు. అందుకే మన అడుగు చిన్నదిగా ఉండాలి, మన నిల్వ ముందే ఉండాలి.

మరి ఏ రిస్కు తీసుకోదగ్గది? నేను చూసేది ఒక్కటే: నష్టం వస్తే మొదట ఎవరి మీద పడుతుంది? మీ కష్టం, మీ ఆరు నెలల సమయం, మీరు దాచుకున్న డబ్బు పోతే లేచి నిలబడగలరు. పిల్లల ఫీజు, అమ్మ మందుల డబ్బు, భార్య ఇష్టం లేకుండా కుదువపెట్టిన పుస్తెలతాడు, జామీను సంతకం చేసిన పొరుగింటివాడి జీతం పోతే, రిస్కు తీసుకున్నది మీరు, మోసింది వాళ్లు. దాన్ని విశ్వాసపు అడుగు అని పిలవకండి.

ఇంకో మాట. కొందరు సేవకులకు ఇది నచ్చకపోవచ్చు. పెట్టుబడి డబ్బులోంచి, అప్పు తెచ్చిన డబ్బులోంచి కానుక వేయకండి. అది ఇంకా మీ రాబడి కాదు. ఎలీషా దగ్గరికి అప్పుల బాధతో వచ్చిన విధవరాలికి దేవుడు నూనెను అద్భుతంగా సమృద్ధి చేశాడు. ఆ తర్వాత ప్రవక్త ఆమెకు చెప్పిన క్రమం చూడండి: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి. తనకు వాటా అడగలేదు. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా లెక్క అవసరమైంది.

కాబట్టి ప్రార్థనకు వచ్చేటప్పుడు ఒక కాగితం తెండి. నెలనెలా కట్టాల్సింది, ఒక్కో సరుకు మీద మిగిలేది, చెడ్డ నెలలకు దాచింది, ఈ మూడూ భార్యాభర్తలు కలిసి కూర్చుని రాయండి. ఎంత నష్టం దగ్గర ఆపేస్తారో కూడా ఈరోజే రాసుకోండి, ఆ రోజు వచ్చినప్పుడు మనసు ఒప్పుకోదు. ఆ కాగితం మీద చేతులుంచి ప్రార్థిద్దాం. లెక్క సరిపోతే భయపడకుండా షాపు తెరవండి. సరిపోకపోతే ఇంకో ఆరు నెలలు కూడబెట్టండి. ఆగినంత మాత్రాన దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టడు.

ప్రభువు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక. ఆమేన్.